తామర తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. నాకు 34 ఏళ్ళు, బడిలో మధ్యాహ్న భోజనం వండే పని చేస్తాను. ఎనిమిది నెలల కిందట లంగా బొందు కట్టుకునే చోట రూపాయి బిళ్ళంత తామర వచ్చింది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండు రోజులకే దురద ఆగిపోతుంది, వారంలో మచ్చ కూడా మాయమవుతుంది. ఆపిన పది రోజులకు మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త పెద్దదిగా. ఇప్పుడు నడుము చుట్టూ, తొడల మధ్యకూ పాకింది. మా ఏడేళ్ళ బాబుకు మెడ మీద వచ్చింది. మా ఆయనకు ఛాతీ మీద తెల్ల మచ్చలున్నాయి గానీ దురద లేదు. మా అత్తమ్మకు షుగరు ఉంది. ఇది ముదిరితే బ్లాక్ ఫంగస్ అవుతుందని ఎవరో చెప్పారట, ఒకటే టెన్షన్ పడుతోంది. రక్తం చెడిపోతే ఇలా వస్తుందని నా చేత వంకాయ, చేపలు మాన్పించారు. వెల్లుల్లి నూరి రాస్తే బొబ్బలెక్కింది. అసలు ఇది పోయే జబ్బేనా? బాబును బడికి పంపొచ్చా?

జవాబు: పోయే జబ్బేనమ్మా. ఏళ్ళ తరబడి మోసినవాళ్ళకు కూడా పోయింది. కాకపోతే మీరు ఇప్పటిదాకా చేస్తున్న పద్ధతిలో పోదు, ఇంకో ఎనిమిది నెలలు చేసినా పోదు, అందుకే మిగతా ప్రశ్నల కంటే ముందు ఆ ట్యూబు సంగతి తేల్చుకుందాం. వెనకవైపు చిన్న అక్షరాల్లో మందుల పేర్లు ఉంటాయి కదా, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మీరు ఇన్నాళ్ళూ రాసింది స్టెరాయిడ్ అన్నమాట. దాని పక్కనే మైకోనజోల్ లాంటి ఫంగస్ మందు ఒకటి, నియోమైసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఒకటి కలిపి ఉంటాయి. దురదకొకటి, ఫంగస్‌కొకటి, బాక్టీరియాకొకటి, రోగం ఏదో చూడకుండానే ఏదో ఒకటి తగలకపోతుందా అని తయారుచేసే మిశ్రమం ఇది. నేను ఆ ట్యూబు చూడలేదు గానీ, రెండు రోజుల్లో దురద పోయి, వారంలో మచ్చ పోయి, ఆపగానే రెట్టింపై వచ్చిందని మీరు రాసిన తీరు చూస్తే నాకు పెద్దగా అనుమానం లేదు.

నేను ల్యాబ్ మనిషిని. గీరిన పొట్టును మైక్రోస్కోపు కింద చూసి ఫంగస్ ఉందో లేదో చెప్పేదాన్ని, మందు రాసేది చర్మ డాక్టరు. అయినా లోపల ఏం జరుగుతోందో మీకు తెలిస్తే మందు ఎందుకు అన్ని వారాలు వాడాలో, ఇంట్లో అందరినీ ఎందుకు చూడమంటారో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు, కాబట్టి కాస్త ఓపిక పట్టి చదవండి.

ఫంగస్ అంటే ఊరగాయ మీద పట్టే బూజు, వానాకాలం పుట్టల దగ్గర లేచే పుట్టగొడుగు, బ్రెడ్డును పొంగించే ఈస్ట్, ఇవన్నీ. చాలామంది వీటిని మొక్కల్లో కలిపేస్తారు, ఒకప్పుడు పాఠ్యపుస్తకాల్లోనూ అలాగే ఉండేది. 1969లో విటేకర్ అనే శాస్త్రవేత్త జీవుల్ని ఐదు రాజ్యాలుగా విడగొట్టినప్పుడు వీటికి విడిగా ఒక రాజ్యం ఇచ్చాడు. వీటికి పత్రహరితం లేదు, ఎండలో సొంతంగా తిండి వండుకోలేవు. అలాగని మనలా నోట్లో వేసుకుని మింగడమూ లేదు. తాము కూర్చున్న చోటనే ఎంజైములను, అంటే తిండిని అరిగించే పదార్థాలను, బయటికి వదులుతాయి, ఆ పదార్థం అక్కడే అరిగిపోతుంది, అరిగినదాన్ని పీల్చుకుంటాయి. అంటే జీర్ణం ఒంటి బయట జరుగుతుంది. కుళ్ళిన కట్టె, పాత చెప్పు, నానిన గోడ, మన చర్మం, ఏదైనా సరే దానికి అదే పద్ధతి.

ఇంకో సంగతి ఉంది. వంశవృక్షం గీస్తే ఫంగస్‌లు మొక్కల కంటే జంతువులకే, అంటే మనకే, దగ్గరి చుట్టాలు. వినడానికి వింతగా ఉంటుంది గానీ మందుల దగ్గరికొచ్చేసరికి ఇదే పెద్ద తలనొప్పి. బాక్టీరియా కణం మన కణానికి పూర్తిగా వేరు, కాబట్టి దాన్ని మాత్రమే చంపే మందులు బోలెడు దొరికాయి. ఫంగస్ కణంలో మాత్రం మనకున్నట్టే కేంద్రకం ఉంటుంది, లోపలి యంత్రాంగమంతా దాదాపు మనలాంటిదే. తేడాలు వెతికితే ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి, దానికి కైటిన్, గ్లూకాన్‌లతో కట్టిన గట్టి గోడ ఉంది, మనకు లేదు. (రొయ్య పెంకులో ఉండేదీ ఆ కైటినే.) రెండు, మన కణం పొరలో కొలెస్ట్రాల్ ఉంటే దాని పొరలో ఎర్గోస్టెరాల్ అనేది ఉంటుంది. తామరకు ఇచ్చే మాత్రల్లో ఎక్కువ భాగం ఈ ఎర్గోస్టెరాల్‌ను తయారు కానివ్వకుండా అడ్డుపడేవే. మన దగ్గర ఫంగస్ మందుల రకాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉండడానికి కారణం ఈ చుట్టరికమే, అందుకే ఉన్న కొద్ది మందుల్ని ఇష్టమొచ్చినట్టు వాడి పాడుచేసుకోకూడదని మాలాంటివాళ్ళు అంత గొంతు చించుకునేది. బాక్టీరియాకు ఇచ్చే యాంటీబయాటిక్ ఫంగస్‌ను ఏమీ చేయదు. పెన్సిలిన్ పుట్టిందే ఒక బూజు నుంచి కదా. ఎక్కువ రోజులు యాంటీబయాటిక్ వాడితే నోట్లో తెల్లగా పూత రావడం, ఆడవాళ్ళకు కింద దురద, పెరుగులాంటి తెల్లబట్ట రావడం మీరు వినే ఉంటారు, అక్కడ కాపలా ఉండే బాక్టీరియా చచ్చిపోయి కాండిడా అనే ఈస్ట్ విజృంభిస్తుంది.

ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టిన ఫంగస్ జాతులు లక్షన్నర దాకా ఉన్నాయి. మనిషికి జబ్బు చేసేవి వాటిలో కొన్ని వందలే. చాలా వాటికి మన ఒంటి వేడి, అదే 37 డిగ్రీలు, పడదు. తామర ఫంగస్‌లు ఈ చిక్కును తెలివిగా తప్పించుకున్నాయి, లోపలికి రావు, చర్మం పైపొరలోనే ఉండిపోతాయి. మన చర్మంలో అన్నిటికన్నా పైన చచ్చిపోయిన కణాల పొర ఉంటుంది, అది కెరటిన్ అనే పదార్థంతో నిండి ఉంటుంది, గోళ్ళు, వెంట్రుకలు కూడా అదే. ఆ కెరటిన్‌ను అరిగించుకునే ఎంజైములు ఈ ఫంగస్‌లకు ఉన్నాయి. అంటే మీ తామర మీలోని చచ్చిన పొరను తింటూ బతుకుతోంది, రక్తంతో దానికి పనే లేదు. కాబట్టి రక్తం చెడిపోయి వచ్చిందన్న మాట తీసి అవతల పెట్టండి, వంకాయ తినండి, చేపలు తినండి. ఎనిమిది నెలలు నోరు కట్టుకున్నందుకు తామర ఒక్క పొక్కు కూడా తగ్గలేదని మీకే తెలుసు.

మధ్యలో మామూలు చర్మం, చుట్టూ ఎర్రటి అంచు, అలా గుండ్రంగా ఎందుకు ఉంటుందో కూడా చెబుతాను. ఫంగస్ ఒక చోట దిగి సన్నటి దారాల్లా అన్ని వైపులకూ సమానంగా పెరుగుతుంది. వెనకాల ఉన్న భాగాన్ని ఒంటి రక్షణ బలగం కనిపెట్టి శుభ్రం చేస్తూ వస్తుంది, చర్మం తొందర తొందరగా పొట్టు రాలుస్తూ దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఇప్పుడు యుద్ధం జరుగుతున్నది అంచు దగ్గర, అందుకే అక్కడ ఎరుపు, దురద, చిన్న పొక్కులు. ఆ ఎరుపూ దురదా మీ ఒళ్ళు పోరాడుతోందన్న గుర్తు. స్టెరాయిడ్ వచ్చి చేసే పని ఆ పోరాటాన్ని ఆపడం. దురద పోతుంది, ఎరుపు పోతుంది, మీకు హాయిగా ఉంటుంది, లోపల ఫంగస్‌కు మీకంటే హాయిగా ఉంటుంది. ఇంట్లో కుక్కను కట్టేసి దొంగకు తలుపు తీసినట్టు. ట్యూబులో ఫంగస్ మందు కూడా ఉంది కదా అంటారేమో, ఉంది, కానీ దురద పోగానే మీరు రాయడం ఆపేస్తారు, ఎవరైనా ఆపేస్తారు, అప్పటికి ఆ మందు పని సగం కూడా కాదు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ దొంగ ఇంకో రెండు గదులు ఆక్రమించి ఉంటాడు.

ఇంతటితో పోతే బాగుండు. క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్‌ను నెలల తరబడి గజ్జల్లో, తొడల మధ్య రాస్తే చర్మం సిగరెట్ కాగితంలా పలచబడుతుంది, ఎర్రగా, తర్వాత తెల్లగా చారలు పడతాయి. ఆ చారలు పోవు, ఈ మాట ముందే చెప్పే మెడికల్ షాపు నాకింతవరకు కనపడలేదు. మడతల్లో చర్మం పలచన కాబట్టి మందు ఎక్కువగా ఇంకుతుంది, అందుకే అక్కడ నష్టం త్వరగా కనిపిస్తుంది. పైగా తామర తన ఆకారం పోగొట్టుకుంటుంది, గుండ్రటి అంచు ఉండదు, ఉంగరంలో ఉంగరంలా వలయాలు వస్తాయి, డాక్టర్లు కూడా ఒక్కోసారి ఎగ్జిమా (ఫంగస్ లేకుండానే వచ్చే దురద, ఎరుపు) అని పొరబడతారు. దేశమంతా ఇదే గోల ఎక్కువై 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద రూలు అది. మీకు చీటీ ఎవరూ అడగలేదు కదా? ఎవరినీ అడగరు.

ఇప్పుడు ఇంకో చిక్కు. మన దేశంలో గత పదేళ్ళ పైచిలుకుగా వస్తున్న తామర, మా అమ్మమ్మల నాటి తామరలా లేదు. అప్పట్లో నాలుగు రోజులు ఏదో పూత రాస్తే పోయేది. ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, పేరులోనే మన దేశం ఉంది, గర్వపడాల్సిన విషయమేమీ కాదు. తామరకు రాసే ముఖ్యమైన మందు టెర్బినాఫిన్, ఎర్గోస్టెరాల్ తయారయ్యే దారిలో ఒక ఎంజైమును పట్టుకుని ఆపుతుంది. ఈ కొత్త ఫంగస్‌లో చాలా వాటికి ఆ ఎంజైము జన్యువులోనే మార్పు వచ్చేసింది, మందు వెళ్ళి పట్టుకోవడానికి పట్టు దొరకదు. అందుకే కొంతమందికి టెర్బినాఫిన్ మాత్రలు నెల మింగినా ఫలితం ఉండదు. ఇది యూరప్‌కు పాకింది, 2023లో న్యూయార్క్‌లో ఇద్దరిలో గుర్తించినట్టు అమెరికా వాళ్ళు ప్రకటించారు. ఇక్కడి నుంచి అమెరికా, గల్ఫ్ వెళ్ళే మనవాళ్ళ సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన ఈ మూడు మందుల ట్యూబులు కూడా ఉంటాయని నాకు తెలుసు. అక్కడున్న మీ బంధువులెవరైనా పంపమంటే పంపకండి.

సరే, ఏం చేయాలి. మీ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళండి. మీరొక్కరే కాదు, బాబును, మీ ఆయన్ను, కుదిరితే అత్తమ్మను కూడా తీసుకెళ్ళండి. ఆ ట్యూబును సంచిలో వేసుకుని వెళ్ళి చూపించండి, ఏమంటారో అని దాచిపెట్టకండి. అంచు దగ్గర చర్మాన్ని మొద్దు బ్లేడుతో గీరి, ఆ పొట్టు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. చర్మ కణాలు కరిగిపోతాయి, కైటిన్ గోడ ఉన్న ఫంగస్ దారాలు మాత్రం నిలబడి కనిపిస్తాయి. చిన్న పరీక్ష, నొప్పి ఉండదు. ఇది చేస్తే తామరా, ఎగ్జిమానా, సోరియాసిసా అన్న అనుమానం చాలావరకు తీరుతుంది. గజ్జి అనుకుని తామరకు, తామర అనుకుని గజ్జికి మందులు వాడేవాళ్ళు కూడా తక్కువేం కాదు, గజ్జి అసలు ఫంగసే కాదు, చర్మంలో దూరే ఒక చిన్న పురుగు.

మందు ఏదో డాక్టరు నిర్ణయిస్తారు. మీకు ఒంటి మీద చాలా చోట్ల ఉంది, స్టెరాయిడ్ కూడా పడింది కాబట్టి పూతమందు ఒక్కటే సరిపోకపోవచ్చు, మాత్రలు కూడా రాస్తారు, అవి టెర్బినాఫిన్ గానీ ఇట్రాకోనజోల్ గానీ కావచ్చు. ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ రాస్తే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, అది ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి, అందుకే భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి. మనవాళ్ళకు పొద్దున్నే లేచి గ్యాస్ మాత్ర వేసుకోవడం అలవాటు, ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గించేస్తే క్యాప్సూల్ వేసుకున్నా సగం వృథా. గుండె బలహీనత ఉన్నా, కొలెస్ట్రాల్ మాత్రలో ఇంకేవో రోజువారీ మందులో వాడుతున్నా, గర్భం వచ్చే అవకాశం ఉన్నా మీరే నోరు తెరిచి చెప్పాలి, రద్దీ ఓపీలో వాళ్ళు అడగడం మర్చిపోవచ్చు. అవసరమనుకుంటే లివర్ పరీక్ష చేయిస్తారు.

పూతమందును మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయండి, ఎందుకంటే ఫంగస్ కంటికి కనిపించే అంచు కంటే ముందుకే వెళ్ళి ఉంటుంది. ఎన్ని రోజులు అంటే, మచ్చ పూర్తిగా పోయాక ఇంకో రెండు వారాలు, డాక్టరు ఇంకా ఎక్కువ చెబితే అంతకాలం. మీలాంటి పాత కేసుల్లో మొత్తం నెల దాటుతుంది. చర్మం పైపొర పూర్తిగా మారడానికే దాదాపు నాలుగు వారాలు పడుతుంది మరి. స్టెరాయిడ్ ఆపాక మొదటి రోజుల్లో ఎరుపు, దురద ఇంకా పెరగొచ్చు, ఎనిమిది నెలలుగా నిద్రపుచ్చిన పోరాటం మళ్ళీ మొదలవుతుంది కాబట్టి. చాలామంది సరిగ్గా ఇక్కడే జారిపోతారు, కొత్త మందు పడలేదు, పాతదే నయమని మళ్ళీ ఆ ట్యూబు తీస్తారు. తీయకండి. మరీ తట్టుకోలేకపోతే దురద తగ్గించే మాత్ర అడగండి, ఇస్తారు.

వెల్లుల్లి మాట. అసలే మంటగా ఉన్న చోట అది గోరుచుట్టు మీద రోకలిపోటు. పచ్చి వెల్లుల్లి చర్మాన్ని కాలుస్తుంది, అది నిజంగా రసాయనపు కాలిన గాయమే. సీమ అవిసె ఆకులో ఫంగస్‌ను అణచే గుణం ఉన్నమాట వాస్తవమే, అయినా నడుము నుంచి తొడల దాకా పాకినదానికి ఆకు పసరు చాలదు. బొబ్బలు మానేదాకా అక్కడ ఏమీ నూరి పెట్టకండి.

మీరు పని చేసే చోటు గురించి కూడా ఆలోచించాను. పొయ్యి ముందు గంటల తరబడి నిలబడతారు, చెమట, ఆవిరి, గిన్నెలు కడిగిన నీళ్ళు, అంతా నడుము దగ్గర బొందు కింద చేరి అలాగే నానుతుంది. ఫంగస్‌కు కావాల్సింది తేమ, వెచ్చదనం, రాపిడి, మూడూ అక్కడే దొరికాయి. మందు వాడినన్నాళ్ళు సన్నటి బొందు మానేసి వెడల్పు నాడా ఉన్న లంగా గానీ, వీలైతే వదులుగా ఉండే సల్వార్ గానీ వేసుకోండి, పని అయ్యాక ఇంటికి రాగానే స్నానం చేసి మడతలన్నీ తుడిచి పొడిగా చేసుకుని ఆరిన బట్టలు కట్టుకోండి. లోపలి బట్టలు, తువ్వాళ్ళు, దుప్పట్లు వేడినీళ్ళల్లో విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. ఫంగస్ బీజాలు రాలిన పొట్టులో, బట్టల కుట్టుల్లో చాలాకాలం బతికే ఉంటాయి, ఖమ్మం ఎండ ఈ ఒక్క విషయంలో మీకు మంచి చేస్తుంది. వానాకాలంలో ఇస్త్రీ పెట్టి కుట్ల దగ్గర బాగా నొక్కండి. తువ్వాలు, సబ్బు ఎవరివి వాళ్ళకే.

మొలతాడు గురించి అడగలేదు గానీ నేనే అడుగుతున్నాను. బాబుకు, మీ ఆయనకు ఉందా? రోజూ తడిసి, ఎప్పుడూ ఆరని నల్లతాడు ఫంగస్‌కు స్థిరనివాసం. మందు వాడినన్నాళ్ళూ తీసేయడం మేలు. పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే పాతది తీసి పారేసి, నయమయ్యాక కొత్తది కట్టుకోవచ్చని నచ్చజెప్పండి. మెడలో తాయెత్తు తాడుకూ ఇదే వర్తిస్తుంది, బాబుకు వచ్చింది మెడ మీదే కదా, చూడండి ఒకసారి. అలాగే ఇంట్లో అందరి కాలిగోళ్ళు చూడండి. పసుపుపచ్చగా, మందంగా, పెళుసుగా మారిన గోరు ఎవరికైనా ఉంటే తామర అక్కడ దాక్కుని ఉండవచ్చు, చర్మం నయమైనా అది మళ్ళీ మళ్ళీ విత్తుతూనే ఉంటుంది. గోటికి నెలల తరబడి వైద్యం కావాలి, కాలిగోరు మొత్తం కొత్తగా పెరగడానికే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

మీ ఆయన ఛాతీ మీది తెల్ల మచ్చలు మీరు చెప్పినదాన్ని బట్టి శోభి లాగా ఉన్నాయి. అదీ ఫంగసే గానీ వేరే జాతి, మలసీజియా అంటారు, నూనెను తిని బతికే ఈస్ట్. మీకూ నాకూ అందరి చర్మం మీదా ఎప్పుడూ ఉంటుంది, చెమట, జిడ్డు ఎక్కువైనప్పుడు మాత్రమే పెరిగి రంగు మార్చేస్తుంది. ఆయన దగ్గర నుంచి మీకు తామర రాలేదు, మీ నుంచి ఆయనకు శోభి రాలేదు, ఈ విషయంలో ఇంట్లో గొడవ పెట్టుకోకండి. కీటోకోనజోల్ షాంపూ లాంటిది రాసి కాసేపు ఉంచి కడుక్కోమంటారు, ఫంగస్ చచ్చినా చర్మం రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, మందు పని చేయలేదని కంగారుపడకండి. కానీ డాక్టరుకు చూపించడం తప్పదు, ఎందుకంటే ముట్టుకుంటే తెలియని, స్పర్శ లేని మచ్చ అయితే అది కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వమే ఉచితంగా మందులిస్తుంది, తొందరగా పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది.

ఇక అత్తమ్మ భయం. తామర ముదిరి బ్లాక్ ఫంగస్ కాదు, అవ్వడానికి వీల్లేదు, రెండూ వేర్వేరు ఫంగస్‌లు. 2021లో కరోనా రెండో వేవ్‌లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి వార్డులన్నీ దానితోనే నిండిపోయాయి, యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం ఊళ్ళు తిరిగారు, టీవీలో అదంతా చూసినవాళ్ళకు ఫంగస్ అన్న మాట వింటేనే గుండె దడ. ఆ జబ్బు చేసేవి మ్యూకార్మైసిటీస్, వాటిలో ముఖ్యంగా రైజోపస్. మట్టిలో, కుళ్ళిన కూరగాయల మీద, పాతబడిన రొట్టె మీద ఉంటాయి, వాటి బీజాలను మనం రోజూ పీలుస్తూనే ఉంటాం, తెల్ల రక్తకణాలు వాటి పని పట్టేస్తాయి. షుగర్ బాగా పెరిగిపోయి రక్తంలో ఆమ్లాలు చేరినప్పుడు ఆ కణాలు మందగిస్తాయి, పైగా రక్తంలో కట్టుబడి ఉండాల్సిన ఇనుము విడిపోయి ఆ ఫంగస్‌కు ఆహారంగా దొరుకుతుంది. అప్పటి రోగుల్లో చాలామందికి అదుపులో లేని షుగరూ ఉంది, కరోనాకు ఇచ్చిన స్టెరాయిడ్లూ పడ్డాయి. ఆ ఫంగస్ నల్లగా ఉండదు, రక్తనాళాల్లో దూరి రక్తం అందకుండా చేస్తే ఆ భాగం చచ్చి నల్లబడుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు.

కాబట్టి అత్తమ్మ భయపడాల్సింది మీ తామరను చూసి కాదు, తన షుగర్ రీడింగ్ చూసి. షుగర్ అదుపులో ఉంటే కాలివేళ్ళ సందుల్లో పాచిపోవడం, రొమ్ముల కింద, గజ్జల్లో ఎర్రగా ఒరుసుకుపోవడం, కింద దురద, ఇలాంటి కాండిడా బాధలు కూడా చాలావరకు తగ్గుతాయి. ఎప్పుడైనా ముఖంలో ఒకవైపు నొప్పి లేదా వాపు, ముక్కు నుంచి నల్లగా రావడం, కన్ను వాచి ఒకటి రెండుగా కనిపించడం, ఉన్నట్టుండి పళ్ళు కదలడం జరిగితే మాత్రం రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

స్టెరాయిడ్ గురించి ఇంత రాశాను కాబట్టి మీ చుట్టుపక్కల కూలికి వెళ్ళేవాళ్ళ కోసం ఇదొక్కటీ కలుపుతాను. వరి కోతల్లో, నూర్పిళ్ళలో గింజో ఆకో కంట్లో గుచ్చుకుంటే నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు వస్తుంది. అప్పుడు చనుబాలు, ఆముదం పోయడం, షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేయడం, ఈ రెండూ కన్ను పోగొట్టే పనులు. నాలుగు రోజులు ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల పుండు లోతవుతుంది. చర్మం మీద చారలతో బతకొచ్చు, కన్ను పోతే తిరిగి రాదు. ఎర్రబడి నొప్పిగా, మసకగా ఉంటే నేరుగా కంటి ఆసుపత్రికే వెళ్ళమని చెప్పండి.

చివరికి బాబు. డాక్టరు చూసి మందు మొదలుపెట్టాక బడి మాన్పించక్కర్లేదు, మెడ మీది మచ్చ కాలరు కింద కప్పి ఉంచితే చాలు, పక్కవాడి తువ్వాలు, టోపీ, దువ్వెన వాడొద్దని చెప్పండి. వాడికి మీ ట్యూబు మాత్రం పొరపాటున కూడా రాయకండి, పిల్లల చర్మానికి ఆ స్టెరాయిడ్ ఇంకా ప్రమాదం. తల కూడా వెతకండి, ఎక్కడైనా పొట్టు లేచి వెంట్రుకలు విరిగి గుండ్రంగా ఖాళీ కనిపిస్తే అది తలకు పట్టిన తామర. వెంట్రుక మొదట్లో ఉంటుంది కాబట్టి పూతమందు అందదు, మాత్రలే కావాలి, డాక్టరుకు ఆ చోటు ప్రత్యేకంగా చూపించండి. ఇంట్లో పిల్లి పిల్లో కుక్కపిల్లో ఉండి దానికి అక్కడక్కడా బొచ్చు ఊడి ఉంటే అదీ చెప్పండి, వాటి నుంచి పిల్లలకు రావడం మామూలే, అప్పుడు పశువుల డాక్టరు దగ్గరికి కూడా ఒక ట్రిప్పు పడుతుంది.